వంటింటి గడప

మా ఇంట్లో పద్నాలుగు లైట్లున్నాయి. రెండు గదులు, ఒక హాలు, వంటిల్లు, వరండా, ఇంతే ఇల్లు. అందులో వంటింట్లోనే అయిదు. పొద్దుగూకి అన్నీ వేస్తే వైశాలి నగర్‌లో మా సందు మలుపు దాకా వెలుతురు పడుతుంది. "అంకుల్, ఆప్‌కే ఘర్ మే రోజ్ షాదీ హై క్యా?" అని ఎదురింటావిడ నవ్వుతూ అడిగేది, మీ ఇంట్లో రోజూ పెళ్ళేనా అని. నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడావిడ అడగడం మానేసింది. అన్ని లైట్లు ఎందుకు పెట్టానో ఆవిడకి తెలిసిపోయింది.

అవన్నీ నేను నా చేతులతో బిగించినవే. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి ఇరవయ్యేళ్ళ వయసులో రైలెక్కి ఈ హిందీ ఊరికి వచ్చి, స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో చేరి, తల నెరిసేదాకా మోటార్లూ ప్యానెళ్ళూ చూసుకున్నవాణ్ణి. మరోదాలో కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో ఒక్కగానొక్క కూతుర్ని పెంచాం. రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం. ట్యాపు కారినా, ఫ్యాను మూలిగినా, కూలరు మోటారు కాలినా నేనే. బయటి మెకానిక్కుని ఇంట్లో అడుగు పెట్టనిస్తే నాకు అవమానంగా ఉండేది. ఆ పొగరు గురించే ఇదంతా రాస్తున్నాను.

మా పనికి ఒక పద్ధతుంది. చేరిన కొత్తలో మా ఫోర్‌మన్ చెవి మెలేసి నేర్పాడు. ఏదైనా ఆగిపోతే ముందు సప్లై చూడు, తర్వాత లైను చూడు, ఆ రెండూ బాగుంటేనే లోడు మీద చెయ్యి వెయ్యి. లోడంటే చివర ఉండేది, మోటారో దీపమో, కరెంటుతో పని చేసే వస్తువు. తొందరపడి ముందే మోటారు విప్పేసినవాడు షిఫ్టంతా తిట్లు తినేవాడు. ఆ పద్ధతి నన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. అందుకే ఇంట్లోనూ అదే పట్టుకుని వేలాడాను.

మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం మా ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ పిలిచింది. "ఏవండీ, వంటింట్లో దీపం మసగ్గా ఉందండీ. ఓపాలి సూడరేటి?"

చూశాను. నా కళ్ళకి బాగానే ఉంది. అయినా ఆడమనిషి అడిగింది కదా అని కొత్త ట్యూబు తెచ్చి వేశాను. "ఏటే, ఇప్పుడెలాగుంది?" అంటే, "బాగుందండీ" అంది.

నెల తిరక్కుండానే మళ్ళీ అదే మాట. సరే, సప్లై నుంచి మొదలుపెట్టాను. టెస్టర్ పట్టుకుని వోల్టేజీ చూశాను. స్తంభం దగ్గర కనెక్షన్ వదులుగా ఉందేమోనని కరెంటు ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగి, వాళ్ళతో పోట్లాడి బిగింపించాను. అదయ్యాక లైను. గోడల్లోంచి పాత వైరంతా లాగి కొత్తది వేశాను. వారం రోజులు వంటిల్లు సున్నం, ఇటుక పొడి. ఆవిడ వరండాలో స్టవ్ పెట్టుకుని వండింది. అంతా అయ్యాక స్విచ్చు వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని అడిగాను.

"బాగుందండీ. పట్టపగల్లా ఉంది" అంది.

నా ఛాతీ ఉబ్బింది. ముసలోణ్ణయినా చెయ్యి తిరిగినవాణ్ణే అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, "దీపం సుట్టూతా రంగులు కనబడతన్నాయండీ, వాన మబ్బులో సంద్రుడికి కట్టినట్టు గుడి కట్టింది" అంది. ఓరి దేవుడా, అంత స్పష్టంగా చెప్పింది! నేనేం చేశాను? ఎల్ఈడీ ట్యూబు నాసిరకం సరుకని తేల్చి, దాన్ని పట్టుకుని షాపుకి వెళ్ళి ఆ సేఠ్‌తో రభస చేసి మార్పించుకొచ్చాను. అది మార్చినా పోలేదంటే ఇంకో రెండు లైట్లు పెట్టాను. అన్నంలో రాళ్ళు తగలడం మొదలైంది. "కళ్ళు నెత్తికెక్కాయేటే?" అని కంచం తోసేశాను. పొద్దున్నే వాకిట్లో వేసే ముగ్గులో చుక్కలు ఒక వరస మీద నిలవడం మానేశాయి. "నీ ముగ్గు తాగినోడి నడకలాగుంది" అని ఎగతాళి చేశాను. ఆవిడ కూడా నవ్వింది. మర్నాటి నుంచి ముగ్గు చిన్నదైపోయింది. కొన్నాళ్ళకి నాలుగు గీతలు మిగిలాయి. నడుం నొప్పి కాబోలనుకున్నాను.

ప్లాంటు ఆసుపత్రిలో ఊరికే చూపించుకునే మెడికల్ బుక్కు బీరువాలోనే ఉంది. సైకిలెక్కితే పావుగంటలో ఆసుపత్రి. ఒక్కసారి తీసుకెళ్ళాలని తోచలేదా అంటే, తోచింది. శుక్లమేమో అనుకున్నాను. శుక్లమైతే ముదరాలిగా, వానలకి ముందు శ్లాబు లీకేజీ సంగతి చూసుకుని, దసరా దాటాక వెళ్దాంలే అనుకున్నాను. ప్లాంటులో చిన్న చిన్న మరమ్మతులన్నీ కూడబెట్టి, మిషన్లు ఆపే షట్‌డౌన్ రోజున ఒక్కసారే చేసేవాళ్ళం. పెళ్ళాం కళ్ళని కూడా షట్‌డౌన్ లిస్టులో రాసుకున్న ఘనుణ్ణి నేను.

ఇక గడప సంగతి. ఇల్లు కట్టేటప్పుడు వంటింటికి గడప ఎందుకమ్మా, ఇప్పుడెవరూ పెట్టడం లేదు అని వడ్రంగి అన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. "గడప లేకపోతే అది గదేటి?" అని పట్టుబట్టి టేకు గడప పెట్టించుకుంది. ప్రతి శుక్రవారం పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. నేనెప్పుడైనా దాని మీద కాలు వేస్తే ఆవిడ అరిచేది. మా ఇంట్లో ఆవిడ నా మీద అరిచిన సందర్భం అదొక్కటే.

ఆ గడప తగిలి ఆవిడ రెండుసార్లు తూలింది. రెండోసారి చేతిలో పప్పు గిన్నె ఉంది. పాదం మీద బొబ్బలెక్కాయి. మందు రాశాను, కంగారు పడ్డాను, కంగారుపడితే నాకు కోపం వస్తుంది. మర్నాడే రంపం, ఉలి తీశాను. ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని పక్కన నిలబడి, "రేపు సుక్కురోరం కదండీ. ఆ ఒక్కరోజు గడిసినాక తీయొచ్చు కదా" అంది.

"కాళ్ళిరగ్గొట్టుకున్నాక తియ్యమంటావా? నీకు పసుపు ముఖ్యమా, పాణం ముఖ్యమా?"

ఆవిడ భరిణె మూత పెట్టింది. గడప కోసి పెకలించి, సిమెంటు పోసి, నేలకి సమంగా టైలు అతికాను. తీసిన చెక్క మంచి టేకు కదా, పారేయడం ఎందుకని కూలరు కింద ఎత్తుకి పెట్టాను. "ఎలాగుంది?" అని ఎప్పట్లాగే అడిగాను. ఆవిడ కాలితో తడిమి చూసి, "బాగుందండీ" అంది.

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ తర్వాత దెబ్బలు తగ్గకపోగా ఎక్కువయ్యాయి. ఎడమ భుజం తలుపుకి కొట్టుకునేది, మోచెయ్యి ఫ్రిజ్జుకి తగిలేది. నేను ఫ్రిజ్జు జరిపాను. తలుపు అంచు చిత్రిక పట్టాను. ఇల్లంతా ఆవిడకి అనువుగా చెక్కుకుంటూ పోయాను.

ఇదే ఊళ్ళో నెహ్రూ నగర్‌లో ఉన్న మా అమ్మాయి ఒక ఆదివారం వచ్చింది. అదిక్కడే పుట్టి పెరిగింది, తెలుగు కన్నా హిందీ బాగా వస్తుంది. వాళ్ళమ్మ తనకి టీ పోస్తుంటే చూసి లేచి నిలబడింది. "అమ్మా, క్యా కర్ రహీ హో! చాయ్ బయట పోస్తున్నావు!" టీ సగం కప్పులో, సగం గట్టు మీద. అమ్మాయి వెళ్ళి వాళ్ళమ్మకి ఎడమ పక్కన నిలబడి చెయ్యి ఊపింది. ఆవిడ తల తిప్పలేదు.

"నాన్నా, అమ్మకి ఈ సైడ్ నుంచి కుఛ్ భీ కనిపించట్లేదు. ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

నేను తలెత్తి లైట్ల వైపు చూశాను. నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా ముందు లైట్ల వైపే చూశాను.

కళ్ళాసుపత్రిలో ఒక పరీక్ష చేశారు. తెల్లటి గిన్నె లాంటి దాంట్లో గడ్డం ఆన్చి కూర్చోవాలి. లోపల అక్కడక్కడ చిన్న దీపాలు వెలుగుతాయి, కనబడినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి వెనక నేను నిలబడ్డాను. ఏ దీపం వెలిగిందో, ఆవిడ నొక్కిందో లేదో ఆ అమ్మాయి ముందున్న తెర మీద తెలుస్తోంది. వెలిగింది, నొక్కలేదు. వెలిగింది, నొక్కలేదు. మా ఆవిడ బడిలో పిల్లలాగా నిటారుగా కూర్చుని, బొటనవేలు బటన్ మీద ఉంచి ఎదురుచూస్తోంది. ఇంకా పరీక్ష మొదలవలేదనుకుంటోంది. నా బతుకంతా దీపాలతోనే గడిచింది, ఇంత భయంకరమైన దీపాలు ఎప్పుడూ చూడలేదు.

డాక్టరు "కాలా మోతియా" అన్నాడు. మనవాళ్ళు నీటికాసులంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోతుందట, పక్కల నుంచి చూపు మూసుకుంటూ వస్తుందట. ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి గొట్టంలోంచి చూసినంత మిగిలింది. "జో గయా సో గయా. జో బచా హై, ఉసే బచాయేంగే" అన్నాడు. పోయింది పోయిందే, ఉన్నదాన్ని కాపాడదామని. ముందే వస్తే ఆగేదా అని నేనడిగాను. ఆయన నా ముఖం చూసి, రాయడం ఆపి, ఆగేదన్నట్టు తలూపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. సప్లై చూశాను, లైను చూశాను. చివరి దాకా వెళ్ళలేదు. వెలుతురు ఎవరికి కావాలో ఆ మనిషి ముఖంలోకి తేరిపార చూడలేదు.

ఇంటికొచ్చాక అడిగాను. "మరి అన్నిసార్లు బాగుందని ఎందుకన్నావే?"

"మీరు స్టూలెక్కి సెమటలు కక్కుకుంటా బిగించినాక, బాగోలేదంటే ఊరుకుంటారేటి?" అంది. మళ్ళీ తనే, "అరుస్తారు కదండీ" అంది. నిష్ఠూరంగా అనలేదు. రేపు వాన పడుతుందేమో అన్నంత మామూలుగా అంది.

ఇప్పుడు పూటపూటా కళ్ళలో చుక్కలు నేనే వేస్తాను. ఒక చుక్క కూడా కిందపడనివ్వను. వంట సగం నేనే చేస్తాను. కిందటి నెల ఆవిడ నన్నొకటి అడిగింది. ఇల్లు కట్టినప్పుడు పట్టుబట్టాక, తన కోసమని నోరు తెరిచి అడిగింది మళ్ళీ ఇదేనేమో.

"ఆ గడప మళ్ళీ ఎట్టగలరేటండీ?"

తూలతావే అన్నాను. "తూలను. కాలికి గడప తగిల్తే గది ఎక్కడ మొదలో తెలిసీది. గడప దాటినాక నాలుగడుగులు, పొయ్యి. కుడికి రెండు, సింకు. అలాగే లెక్కెట్టుకునీదాన్ని. మీరది తీసీసినాక అంతా ఒకటే నేలయిపోనాది" అంది.

ఆవిడకున్న ఒక్క ఆనవాలు రంపం పెట్టి కోసింది నేనే. కూలరు కింద నుంచి చెక్క లాగాను. నీళ్ళకి ఉబ్బిపోయి ఉంది. ఎండబెట్టి చిత్రిక పట్టాను, రెండు చివర్లా అతుకులు వేశాను. టైలు పగలగొట్టి గడప కూర్చోబెట్టడానికి మూడు రోజులు పట్టింది. నడుం మీద చేతులు పెట్టుకుని ఎలాగుందని మాత్రం అడగలేదు.

శుక్రవారం పొద్దున్న ఆవిడ తలంటుకుని వచ్చి గడప ముందు కూర్చుంది. నేను పద్నాలుగు లైట్లూ వేశాను. తడిగుడ్డతో ఈ కొస నుంచి ఆ కొస దాకా తడుముతూ తుడిచింది. పసుపు రాసింది. కుంకుమ బొట్లు పెట్టింది, వేలితో దూరం కొలుచుకుంటూ, ఒకటి తర్వాత ఒకటి. కుడి వైపు పసుపు చక్కగా పరుచుకుంది. ఎడమ వైపు జానెడు మేర ఉత్త చెక్క. రెండు బొట్లు గడప దాటి నేల మీద పడ్డాయి.

"ఎలాగొచ్చిందండీ?" అని నావైపు తల తిప్పింది.

"బాగుందే" అన్నాను.