ఖాజామియా కోసం నిర్మల్ దాకా

ఫోన్ ఇంట్లో పడేసి ఎటైనా పోయి రమ్మని మా ఆవిడ గట్టిగా చెప్పడంతో ఈ ప్రయాణం మొదలైంది. రిటైరయ్యాక నాకు వేరే పని లేకుండా పోయింది. పొద్దున్నే ఎక్కడ ఎవరు ఎవరిని కొట్టారో చూడడం, ఈ దేశం బాగుపడదని ఇంట్లో ప్రకటించడం. ఎంతకాలమని వింటుంది? వానలు పడ్డాయి కదా, కుంటాల జలపాతం చూసొస్తానని బయలుదేరాను.

ఏడు గంటలకు కరీంనగర్‌లో నిర్మల్ బస్సెక్కాను. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కనుక సీట్లన్నీ వాళ్ళవే. టికెట్ కొన్న నేను మాత్రం జగిత్యాల దాకా నిలబడ్డాను. కోరుట్లలో బస్సు ఆగితే బజ్జీలు, చాయ్ అయ్యాయి. మెట్‌పల్లి దాటాక ఒక ఊళ్ళో అరవై ఏళ్ళ మనిషి ఎక్కి నా పక్కన కూచుంది. నుదుట పెద్ద బొట్టు, వేళ్ళ కొసలకు తంబాకు రంగు. బీడీలు చేసే చేతులని తెలిసిపోతోంది. కండక్టర్‌కు ఆధార్ చూపిస్తుంటే పేరు చదివాను: ఫకీరవ్వ. ఆ పేరెట్లా వచ్చిందని అడిగాను.

"పుట్టినోళ్లు పుట్టినట్టె పోతుంటె మా అవ్వ పీరీలకు మొక్కింది సారు. నేను దక్కిన. గందుకే గీ పేరు" అంది.

ఎక్కడికని అడిగితే మెల్లగా అంతా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో మొహర్రం పండుగకు పీరీలను తరతరాలుగా నిలబెట్టేది ఖాజామియా ఇంటివాళ్ళు. పీరీలకు రంగుగుడ్డల దట్టీలు కట్టేదీ, ఫాతేహా చదివేదీ ఆయనే. మొక్కులు మాత్రం ఊరందరివీ. నిరుడు ఏదో అబద్ధం వీడియో ఫోన్లలో తిరిగింది. బయటి నుంచి గుంపు వచ్చి ఆయన పాన్ డబ్బా దుకాణాన్ని తగలబెట్టింది. ఊరంతా తలుపులు వేసుకుంది. ఖాజామియా పీరీలుండే కొట్టం తాళం చెవితో సహా నిర్మల్లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మళ్ళీ పండుగ నెలవంక కనబడింది, కొట్టానికి తాళం అట్లాగే ఉంది. పెద్దమనుషులు ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. అందుకని ఆయన్ను పిలుచుకురావడానికి ఈమె బయలుదేరింది. ఆ ఊరి పేరు రాయను, ఏమనుకోవద్దు.

నిర్మల్లో దిగాక, పట్నం తనకు కొత్తని, ఇల్లు దొరికేదాకా తోడు రమ్మంది. నాకు తెలియని తగువులో తలదూర్చడం ఇష్టం లేదు. అయినా కాదనలేక ఆటో ఎక్కాను. బొమ్మలు చేసేవాళ్ళ వాడ వెనక సందులో ఇల్లు దొరికింది.

ఖాజామియా బక్కపలచటి మనిషి. మంచినీళ్ళిచ్చాడు, కూతురితో చాయ్ పెట్టించాడు. ఫకీరవ్వ పండుగ మాట ఎత్తగానే తల దించుకున్నాడు. ఒకటే అడిగాడు.

"ఆ దినం నేను పేరు పేరున పిలిచిన. నీ తలుపు ఎందుకు తెరువలే చెల్లె?"

నేనైతే ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణి. ఆమె సర్దిచెప్పలేదు.

"భయమైంది అన్నా. గిప్పుడు గూడ భయమే. ఊరోళ్ల తరపున మాట ఇయ్యలేను. నా మటుకు చెప్త. పీరీలు లేసినన్ని దినాలు చాట తెచ్చుకొని కొట్టం ముందట్నే బీడీలు చేస్కుంట కూసుంట."

ఆయన కూతురు మధ్యలో వచ్చి, నాన్నను పంపేది లేదని తెగేసి చెప్పింది. ఆ పిల్లను తప్పుపట్టలేం. రేపు మధ్యాహ్నం జొహర్ నమాజ్ చదువుకుని చెప్తానన్నాడు ఖాజామియా. ఫకీరవ్వ ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది. నేను బస్టాండు దగ్గరి లాడ్జిలో పడుకున్నాను.

పొద్దున నేరడిగొండ దాకా బస్సు, అక్కణ్ణుంచి కుంటాలకు ఆటో. మెట్లు దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, ఎక్కేటప్పుడు దేవుడు కనబడతాడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైనుంచే చూడండి. నీళ్ళు బాగానే దూకుతున్నాయి. నా మనసు మాత్రం నిర్మల్లో ఉంది. అరగంట కూడా నిలవకుండా వెనక్కి తిరిగాను.

నిర్మల్ నుంచి మధ్యాహ్నం మూడింటి కరీంనగర్ బస్సులో వాళ్ళిద్దరూ ముందు సీట్లలో ఉన్నారు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఖాజామియా ఒళ్ళో గుడ్డ సంచి, అందులో కొత్త దట్టీలు. ఆయన వెళ్తాననగానే కూతురే పోయి కొనుక్కొచ్చిందట. తండ్రితో మాట్లాడడం మాత్రం మానేసిందట. గోదావరి వంతెన మీద ఆయన కళ్ళు మూసుకున్నాడు.

వాళ్ళ ఊళ్ళో బస్సు ఆగింది. వాళ్ళకు ఎదురు ఎవరూ రాలేదు. హోటల్ ముందున్న నలుగురు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. రోడ్డుకు అడ్డంగా విత్తనాల బస్తాల ట్రాక్టర్ ఉండడంతో మా బస్సు కాసేపు కదల్లేదు. కొట్టం రోడ్డు పక్కనే ఉంది.

భయం పోయాక ఏదైనా చేద్దామనుకుంటూ నేను ఇన్నేళ్ళు ఫోన్ చూస్తూ కూచున్నాను. ఫకీరవ్వ ఇంటికి పోయి చాట తెచ్చుకుంటుందనుకున్నాను. పోలేదు. ఖాజామియా తాళం తీస్తున్నాడు. ఆమె ఆయనకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి, వట్టి చేతులతోనే కొట్టం ముందు కూచుంది.