పక్క పాక

వరిగడ్డి కాలిన వాసన తగిలితే నాకు ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. నూజివీడులో మామిడి సీజనుకు ముందు ఫైర్ స్టేషన్ వాళ్లొచ్చి, మేం కాయలు మాగబెట్టే పాత పాకను గొడ్డళ్లతో నరికి, కొక్కేల గెడలతో కప్పు పీకేశారు. నిప్పు లేదు, పొగ లేదు. నాన్నేమో చూస్తూ నిలబడ్డారు. మా మీద పగబట్టి వచ్చారనుకుని రాయి విసిరాను. ఒకాయన కనుబొమ చిట్లింది.

"ప్రాక్టీసుకి నేనే ఇచ్చానే!" అంటూ నాన్న చెయ్యెత్తారు.

"కొట్టకండి," అని ఆయన రక్తం తుడుచుకున్నాడు. "ఒకటి అంటుకుంటే పక్కది పడగొట్టాలమ్మా. లేకపోతే వరసంతా పోద్ది."

మే నెలలో పక్క పాక అంటుకుంది. నా రాయి తగిలినాయనే గెడ పట్టుకుని, పాతదాని చోట వేసిన మా కొత్త పాక మీదికొచ్చాడు. ఈసారి రాయి ఎత్తింది నాన్న. ఆ చేతిని కొరికి, రాయి పడేయించాను.

ఆ పాకల వరస ఇంకా ఉంది. నాన్న మణికట్టు మీద నా పళ్ల గాట్లూ ఉన్నాయి.