లేజర్ చిప్పుకు దసరా బొట్టు

ఈ దసరా నుంచి మా ఇంట్లో కుంకుమ భరిణె నా చేతికి అందనంత ఎత్తున పెడుతున్నారు. ఎందుకో చెప్తా, టీ తాగుతూ వినండి.

మా మనవరాలు సింధు హైదరాబాదులో లేజర్ డయోడ్ల మీద రీసెర్చ్ చేస్తుంది. నేనూ ఖమ్మంలో బీఎస్సీ ఫిజిక్స్ చదివినవాణ్ణే! మా ల్యాబులో ప్రిజం ఒకటే ఉండేది, దానికీ ఓ మూల విరిగింది. అది విరగ్గొట్టిన రంగారావు తర్వాత కంటి డాక్టరయ్యాడు... సరే, వదిలేయండి. సింధు పనేమిటంటే, అయాన్లను కంటికి ఆనని సన్నటి ధారగా గురిపెట్టి లేజర్ చిప్పు మీద గాడులు చెక్కడం. గాడి సరిగ్గా పడితే, పక్కపక్క రంగులన్నీ కలిపి వదిలే లేజరు బుద్ధిగా ఒక్కటే వదులుతుందట.

పండక్కి మా ఊరు ఏన్కూరు వస్తూ అలాంటి చిప్పొకటి చిన్న డబ్బాలో తెచ్చింది. సెలవులు కాగానే ఇటునుంచి ఇటే వేరే ల్యాబుకు వెళ్లి పరీక్షించాలి. నువ్వుగింజలో సగముంటుంది.

ఆయుధపూజకు ట్రాక్టరు, స్ప్రే పంపు, కొడవళ్లు కడిగిపెట్టాం. "నీ పనిముట్టు గూడ పెట్టు బిడ్డా," అన్నాను.

"మూత మీద బొట్టు పెట్టు తాతా. లోపల ముట్టకు," అని స్నానానికి పోయింది.

నాకు మనసొప్పలేదు. ట్రాక్టరు బొట్టు ఇంజనుకు పెడతాంగాని, పైన కప్పిన పట్టాకు పెడతామా? మూత తీశాను. గిన్నెలో కలిపిన తడి కుంకుమ వేలితో అద్దీ అద్దనట్టు అద్దాను. తర్వాత ట్రాక్టరుకు, పంపుకు, కొడవళ్లకు, చివరికి నాకు.

సింధు వచ్చి చూస్తే డబ్బా ఖాళీ!

"తాతా, చిప్పేది?"

"బొట్టు పెట్టిన బిడ్డా..."

"చిప్పుకా? అయ్యో! అసొంటిది ఇంకోటి లేదు! నా పీహెచ్‌డీ అంత దాంట్లనే ఉంది!"

ఇక చూడండి! మా ఆవిడ గిన్నెలోని కుంకుమను చాయ్ జల్లెడలో వడకట్టింది. మా అబ్బాయి ట్రాక్టరు బానెట్ మీద పడుకొని వెతికాడు. నేను భూతద్దం పట్టుకొని, "అక్కడ చూడండి, ఇక్కడ చూడండి" అని అందరికీ ఫిజిక్స్ చెప్తున్నా. సింధు ఫోన్ టార్చ్ నావైపు తిప్పి ఆగిపోయింది.

"తాతా, కదలకు. ఊపిరి గూడ పీల్చకు."

నా నుదుటి బొట్టు మధ్యలో ఏదో తళుక్కుమంటోందట!

"ఊరంత ఎతికిస్తివి, మొఖానికి పెట్టుకొని!" అంది మా ఆవిడ.

సింధు పట్టకారుతో తీసి, ఏడుపు మొఖంతోనే డబ్బాలో పెట్టుకుంది. మొన్న ఫోన్ చేసింది: ల్యాబులో ఏదో మందుతో కడిగితే లేజరు వెలిగింది, ఒక్క రంగే వచ్చింది! అయితే మైక్రోస్కోపు ఫోటోలో గాడి పక్కన పెద్ద బండరాయి లాంటిది కనబడిందట. కుంకుమ రేణువు.

"ఇదేంటమ్మా?" అని వాళ్ల సారు అడిగితే ఏం చెప్పావన్నాను.

"మా తాత అని చెప్పిన," అంది.