చెరువులో జిలేబీ చేప

పోయిన ఆదివారం మదనపల్లెలో చేపల అంగడి ముందు నిలబడి, అలవాటు కొద్దీ, పరకలు ఉన్నాయా అని అడిగాను. అంగడామె నా ముఖంలోకి వింతగా చూసింది. "పరకలంటే ఏందక్కా? జిలేబీలుండాయి, బతికుండేవి, తీసుకో" అంది. చిన్న వయసామె, తప్పు ఆమెది కాదు. జిలేబీలే తీసుకుని ఇంటిదారి పట్టాను. దారిలో మా చిన్నాయన గుర్తొచ్చాడు. దిగులేమీ కలగలేదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ మొద్దుబారినట్టు, ఆయన జ్ఞాపకం ఉన్నచోట నాకు ఏమీ తెలియదు.

సదుం దగ్గర మా ఊరి చెరువు నిండా అప్పట్లో పరకలే. వేలెడంత చేప, తోక దగ్గర నల్లచుక్క. చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, వాటిని ఉప్పూ బూడిదా వేసి గరుకు చట్టిలో రుద్ది రుద్ది కడిగి, చింతపులుసు పోసి ఉడికించి, తెల్లవార్లూ పొయ్యి మీదే వదిలేసేది. పొద్దున్నే సంగటిలోకి ఆ పులుసు పోస్తే ముళ్లతో సహా నమిలి మింగేవాళ్లం. ఒక ఏడు చెరువు నిండి మరవ పారింది. మరవ మీదుగా నీళ్లు పొర్లిన ఏడు చెరువులో చేపపిల్లల్ని వదలడం మా ఊరి ఆచారం. ఆ ఏడు వంతు చిన్నాయనది. ఎవరైనా పక్క చెరువు నుంచి తెస్తారు. మా చిన్నాయన అందరిలాంటివాడా? కుప్పం దాకా పోయి, బిందెలో జిలేబీ పిల్లల్ని పోయించుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని, కుదుపు కుదుపుకూ పంచె తడుపుకుంటూ తెచ్చాడు. "ఇది పిల్లల్ని నోట్లో దాసుకోని సాకుతాదప్పా! దీనికి అంతమనేది లేదు, సూస్తాండండి" అని కట్ట మీద నిలబడి అందరికీ చెప్పాడు. పేరు విని, తియ్యగా ఉంటుంది కాబోలు అని పిల్లలం లొట్టలు వేశాం.

ఆయన మాట అక్షరాలా నిజమైంది. పరక గుడ్లను నాచులో వదిలేసి తన దారిన తాను పోతుంది. జిలేబీ ఆ గుడ్లను తిని, తన పిల్లల్ని మాత్రం నోట్లో పెట్టుకుని తిరుగుతుంది. పరకలు మేసే పాచినీ అదే మేసింది. నీళ్లలో ఇంత యుద్ధం జరుగుతుంటే కట్ట మీద ఎవరికీ ఏమీ కనిపించలేదు. ఏటేటా వలలో పరకలు తగ్గాయి, జిలేబీలు పెరిగాయి, ఊరు చిన్నాయనను మెచ్చుకుంటూనే తింది. ఒక ఎండాకాలం చెరువు ఇంకిపోతే బురదంతా దేవినా ఒక్క పరక దొరకలేదు. దానికి కూడా ఎవరూ బాధపడలేదు. చేపలకేం కొదవ?

చిన్నమ్మ మంచాన పడ్డాక తెలిసింది ఏం పోయిందో. ఏం పెట్టినా కడుపులో నిలిచేది కాదు. "పరకల పులుసైతే ఒక ముద్ద దిగుతాదేమో" అంది ఒకరోజు. చిన్నాయన వల భుజాన వేసుకుని పుంగనూరు, నిమ్మనపల్లె, కలకడ అన్నీ తిరిగాడు. ఏ చెరువులో విసిరినా జిలేబీలే పడ్డాయి. ప్రతి ఊరికీ ఒక చిన్నాయన ఉండే ఉంటాడు. చివరికి జిలేబీలనే సన్నగా కోసి పులుసు పెట్టించి, తానే ముద్ద కలిపి నోటికి అందించాడు. చిన్నమ్మ కాసేపు చప్పరించి, "ఇవి అవి కావులే. యాల తిరుగుతాండావు ఎండలో, కూసో" అంది. మళ్లీ ముద్దకు నోరు తెరవలేదు. కొద్దిరోజులకే పోయింది. నాకు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు.

దినాల రోజు ఆకులో ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టి మిద్దె మీద ఉంచారు. పరకల స్థానంలో జిలేబీ ముక్కే వేశారు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు కోరిక మిగిలినట్టు లెక్క. చిన్నాయన చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కాకి వాలీ వాలగానే చేపముక్కనే ఎత్తుకుపోయింది. "ఆయమ్మకు తృప్తే" అని అందరూ కిందికి దిగారు. చిన్నాయన మాత్రం కదల్లేదు. "దానికేం తెలుసమ్మా," అన్నాడు నాతో, కాకి పోయిన వైపే చూస్తూ, "అది పుట్టేతలికే పరకలు లేవు గదా."

పరకలు ఎప్పుడో అయిపోయాయి. వాటి రుచి తెలిసినవాళ్లం ఇంకా కొందరం ఉన్నాం. తొందరేమీ లేనట్టు, మమ్మల్ని కూడా ఒక్కొక్కరినే ఏరుకుంటోంది కాలం.