నిప్పు మీద ఊదిన నోరు

అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో మా ఇస్త్రీ బండి ఉంటుంది. నేను పదో తరగతితో చదువు ఆపేశాను కానీ, మాటలు మాత్రం ఆపలేదు. బట్టలు తెచ్చినవాళ్లు నా కబుర్లు వినకుండా వెళ్లరు. ఇప్పటికీ బొగ్గుల ఇస్త్రీ పెట్టెనే వాడతాను. పొద్దున్నే బొగ్గులు రాజేసి పెట్టెలో నింపి, పైన కాస్త బూడిద కప్పుతాను. అలా అయితే నిప్పు తొందరగా అయిపోదు.

పోయిన నెల ఒక పొద్దున, పక్క హాస్టల్ అమ్మాయి ఆకుపచ్చ కాటన్ చీర తెచ్చింది. మా పాలమూరు పిల్లే. నారాయణగూడలో ఒక స్కూల్లో సైన్స్ టీచర్ ఉద్యోగానికి ఆ రోజే డెమో క్లాస్. అది రాకపోతే హాస్టల్ ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోవాలి. ఉన్న మంచి చీర అదొక్కటే.

నేను ఇస్త్రీ చేస్తుంటే తను పాఠం వల్లిస్తోంది.

"ఏం పాఠం చెల్లె?"

"రసాయన శక్తి అక్కా. చెట్టు ఎండను పట్టుకొని దాచుకుంటది. కట్టె బొగ్గయినా ఆ శక్తి కొంత అండ్లనే ఉంటది. కాలినప్పుడు గాలితోని కలిసి వేడిగ, వెలుతురుగ బయటికొస్తది."

"అబ్బో! అంటే నా పెట్టెల ఎండ ఉన్నదా?"

"ఉన్నది. నువ్వు బూడిద కప్పినవ్ గద, గాలి అందక మెల్లగ వస్తున్నది."

ఇన్నేళ్లుగా చేతిలో ఎండ పట్టుకు తిరుగుతున్నానా! సంతోషం పట్టలేకపోయాను. "ఆగు, నీ పాఠం నేను జూపిస్త" అని పెట్టె మూత తీశాను.

బొగ్గులు ఊదాలంటే బట్టలకు దూరంగా, మురుగునీళ్లు పారే మోరీ దగ్గరికి వెళ్లాలి. మా అమ్మ నాకు మొదట నేర్పింది అదే. ఆ రోజు చీర పక్కనే నిలబడి ఊదాను. బూడిద లేచింది, బొగ్గులు ఎర్రగా మెరిశాయి. "చూసినవా!" అనేలోపే ఒక బొగ్గు చిట్లి, నిప్పురవ్వ కొంగు మీద పడింది. చేత్తో నలిపేసరికి మినపగింజంత చిల్లు, చుట్టూ నల్లటి అంచు.

"తిట్టు చెల్లె" అన్నాను.

"తిట్టేటందుకు గూడ టైం లేదక్కా."

గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. చిల్లు కనబడకుండా మడత పెట్టుకుంటానంది. చీర తీసుకుని పరుగెత్తింది.

మధ్యాహ్నం ఆమె గల్లీ మలుపు తిరగడం చూసి, ఏదో వెతుకుతున్నట్టు బండి కింద బొగ్గుల సంచిలో తల దూర్చాను.

"నన్ను ఆ సంచిల దేవులాడుతున్నవా అక్కా?"

లేవక తప్పలేదు. "ఏమన్నరు?"

"బోర్డు మీద రాస్తుంటే పిన్నీసు ఊడి చిల్లు బయటపడ్డది. పిల్లలందరు నవ్విన్రు. పాఠం సగంల మర్చిపోయిన. రేపు ఇంకోపారి రమ్మన్నరు." చేతిలో ఇంకో చీర ఉంది. "ఇది నా రూమ్మేట్‌ది. జర మంచిగ చెయ్."

మళ్లీ నాకే ఇచ్చింది! తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెట్టె పట్టుకుని మోరీ దాకా వెళ్లి, అక్కడ ఊది వచ్చాను.

ఉద్యోగం వచ్చింది. ఆకుపచ్చ చీర చిల్లుకు రఫూ చేయించుకుంది. ఇప్పటికీ అది ఇస్త్రీకి వస్తుంది. ఎన్ని కబుర్లు చెబుతున్నా, పెట్టె ఆ రఫూ చేసిన చోటికి వచ్చేసరికి నా నోరు మూతపడుతుంది.

"ఏందక్కా, మధ్యల ఆపినవ్?" అంటుంది. నేను తలెత్తను.