తిరగడం ఆగని చక్రం

మా ఫ్లాటుకు కొత్త కరెంటు మీటరు బిగించారు. చక్రం లేదు, ఎర్ర దీపం మాత్రం మినుకుమంటోంది. దీని కింద నిలబడి పోట్లాడుకోవడం కష్టం.

అరవైల చివర తార్నాకలో మేం అద్దెకున్న ఇంట్లో రెండు వాటాలకూ ఒకటే మీటరు. అది పక్క వాటాలో ఉండే ఇంటి యజమానురాలి వరండాలో ఉండేది. బిల్లులో సగం మాది. ఆమె రోజూ దాని కింద నిలబడి అమ్మకు వినపడేలా అనేది:

"ఆ రేడియో ఏంది, పొద్దుందాక మోగుతది? చూడు, చక్రం ఎట్ల ఉరుకుతున్నదో."

నాన్న యూనివర్సిటీలో ఫిజిక్స్ ల్యాబులో పనిచేసేవాడు. అయినా నోరెత్తకుండా సగం ఇచ్చేసేవాడు. పాపం, ఆయనకు మీటర్ల సంగతి తెలియదనుకున్నాను.

ఓ ఉదయం రీడింగు తీసే మనిషి వచ్చాడు. చక్రం ఆగితే ఆమె ఊరుకుంటుందని, మా వాటాలో దీపాలూ రేడియో ఆపేసి వరండాలోకి పరుగెత్తాను. చక్రం హాయిగా తిరుగుతోంది.

"సార్, మీటర్ ఖరాబైంది. మాయన్నీ బంద్ చేసిన, అయినా తిరుగుతున్నది."

రీడింగు మనిషి తెరిచి ఉన్న తలుపులోంచి యజమానురాలి స్నానాల గదిలోకి చూశాడు.

"మీటర్ మంచిగనే ఉన్నది బిడ్డా. ఆ బకీట్ల హీటర్ ఉన్నది."

సాయంత్రానికల్లా ఆమె మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమంది.

"హీటర్ సంగతి మీకు ముందే ఎర్కనా?" అమ్మ అడిగింది.

"ఏడాది సంది ఎర్కనే," అన్నాడు నాన్న. "యూనివర్సిటీకి నడిచిపోయేంత దగ్గర్ల ఇంకో ఇల్లు యాడ దొరుకుతది?"

దొరకలేదు. కాస్త దూరంగా లాలాగూడలో సొంత మీటరున్న ఇల్లు దొరికింది. రోజూ పొద్దున యూనివర్సిటీకి సైకిలెక్కే ముందు నాన్న ఒకసారి నా వైపు చూసేవాడు.