ఫ్రెంచి మామ్మగారూ, మా ఇంటి స్లాబూ

ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకు తెలియనిది ఈ లోకంలో ఏమీ లేదనుకునే ఆ రోజుల్లో, తెల్లగా ఉన్నవాళ్ళంతా ఒకే ఊరివాళ్ళని నాకో గట్టి నమ్మకం ఉండేది. దేశాలు వేరైనా ఎక్కడో ఒకచోట చుట్టరికం కలుస్తుందనీ, ఎదురుపడితే "మీరెవరి తాలూకండీ?" అని అడిగి కాసేపట్లో వరసలు కలిపేసుకుంటారనీ అనుకునేదాన్ని. మనం చేసేది అదే కదా మరి. (అమలాపురం మనిషికి హైదరాబాదు బస్టాండులో రాజోలు మనిషి కనిపిస్తే, బస్సు వచ్చేలోపు పెళ్ళిసంబంధం దాకా వెళ్ళిపోగలరు.) ఇంగ్లీషులో ఎమ్మే చేసినదాన్నే గానీ, తెల్లవాళ్ళలో కూడా ఒకరంటే ఒకరికి పడనివాళ్ళు ఉంటారన్న సంగతి మా సిలబస్‌లో ఎక్కడా రాలేదు.

ఉద్యోగమంటే పెద్దదేం కాదు. రాజోలు దగ్గర గోదావరి ఒడ్డున ఒక గెస్ట్‌హౌసు. వచ్చినవాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడి, పడవలో తిప్పి, కొబ్బరితోటలు చూపించి, సంతోషంగా సాగనంపడం నా పని. మూణ్ణెల్లు చూసి, ఉంచుకోవాలో పంపించాలో చెబుతానన్నారు ఓనరు గారు. పంపిస్తే మళ్ళీ ఉప్పలగుప్తం వెళ్ళి, నాన్న మాట్లాడిపెట్టిన ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి పిల్లలకి రైమ్సు చెప్పుకోవాలి. ఆ ముచ్చట తలుచుకుంటేనే నాకు జ్వరం వచ్చినంత పనయ్యేది. సరిగ్గా గడువు దగ్గరపడ్డాక, ఒకేరోజు ఇద్దరు విదేశీయులు దిగారు. ఒకావిడ ఫ్రాన్సులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయిన పెద్దావిడ. (ఫ్రెంచి మామ్మగారని మనసులో పేరు పెట్టేసుకున్నాను.) ఇక్కడ నచ్చితే, వచ్చే శీతాకాలం వాళ్ళ ఊరి రిటైరయినవాళ్ళందర్నీ వెంటబెట్టుకొస్తానని గది బుక్ చేసిన ఏజెంటుతో ఫోనులోనే చెప్పారట. రెండో ఆయన అమెరికా మనిషి. మనిషి కనిపిస్తే హలో, కుక్క కనిపిస్తే హలో, గట్టు మీద గడ్డి మేస్తున్న గేదెకి కూడా హలో. ఆయన పేరు హలో గారు కాక ఇంకేమవుతుంది?

"మామ్మగారు నవ్వుతూ వెళ్ళాలమ్మా. ఆవిడ నవ్వితే నువ్వుంటావు," అన్నారు ఓనరు గారు నవ్వకుండా. సరే, ఎలా నవ్వించాలో నాకు తెలియదా ఏమిటి? పెళ్ళిళ్ళలో ఒక ఊరివాళ్ళని ఒకే బంతిలో కూర్చోబెట్టకపోతే ఎన్ని అలకలొస్తాయో చూస్తూ పెరిగినదాన్ని. ఆ మధ్యాహ్నం అరిటాకులు వేయించి, ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టి, "మీవాళ్ళేనండీ," అని ఒకరికొకరిని పరిచయం కూడా చేశాను. మామ్మగారు నావైపు ఒక చూపు చూశారు. ఆ చూపు అర్థమయ్యే వయసు కాదు నాది.

ఓనరు గారు స్వయంగా వడ్డన మొదలుపెట్టారు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషల్లా "హౌ ఈజ్?" ఒక్కటే. ఆవపెట్టిన పనసపొట్టు కూర వేసి "హౌ ఈజ్ మేడమ్?" రొయ్యల వేపుడు వేసి "హౌ ఈజ్ సార్?" బాగుందంటే ఇంకో గరిటె, వద్దంటే రెండు. ఈలోగా హలో గారు మామ్మగారివైపు తిరిగి, "ఫ్రాన్సా! పారిస్‌లో రెండ్రోజులున్నాను, అంతా చూసేశాను. ఊరు భలే ఉంది గానీ, గ్లాసులో ఐసు అడిగితే అంత బాధపడతారేం?" అన్నారు. (వాళ్ళిద్దరి ఇంగ్లీషునీ నా తెలుగులోనే వినండి, నా ఉద్యోగమే అది.) ఆవిడ పెదవి చివర చిన్నగా కదిలింది. హమ్మయ్య, కలిసిపోయారనుకున్నాను. ఆ ఊపులో హలో గారు, "అయినా మేం రాకపోతే మీరీపాటికి జర్మను మాట్లాడుతుండేవారు!" అని, పాపం ఏ కల్మషమూ లేకుండా, ఇల్లదిరేలా నవ్వారు. మామ్మగారు ఆకు ముందునుంచి లేచి వెళ్ళిపోయారు.

పెరుగు రాకముందే బంతిలోంచి లేవడమంటే ఏమిటో మా వైపువాళ్ళకి చెప్పక్కర్లేదు. అలా లేచినవాళ్ళ ఇళ్ళకీ, లేపినవాళ్ళ ఇళ్ళకీ ఇప్పటికీ మాటల్లేవు. ఓనరు గారు గరిటె పట్టుకునే నన్ను వంటింట్లోకి పిలిచారు.

"ఉప్పెక్కువైందేటమ్మా?"

"కాదండీ, ఆయన ఏదో అన్నారండీ."

"వాళ్ళూ వాళ్ళూ ఒకటే కదా?"

"నేనూ అదే అనుకున్నానండీ."

"నేననుకున్నానంటే అర్థముంది, పదో తరగతి తప్పేను. ఎమ్మే చదివింది నువ్వు కదమ్మా?" అన్నారాయన ఎంతో మర్యాదగా. "ఆవిడ గారు రేపు పొద్దున్నే వెళ్ళిపోతానని డ్రైవరుతో అన్నారంట. రేపటి షికారుకి పడవ ఒక్కటే ఉంది, రెండోది రిపేరు. ఇద్దర్నీ అందులో ఎక్కించేవా, సరే. లేదంటే రైమ్సు ఇప్పట్నుంచే కంఠతా పట్టుకో తల్లీ."

కొబ్బరిబోండం ఒకటి కొట్టించి పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. మామ్మగారు గోదావరిని చూస్తూ కూర్చున్నారు. బతిమాలదామనుకున్నదాన్ని, నోటికొచ్చింది అడిగేశాను. "ఎందుకండీ వాళ్ళంటే మీకంత మంట?" ఆవిడ కోప్పడలేదు. పాతికమంది పిల్లల ముందు నిలబడ్డట్టు సర్దుకుని కూర్చుని చెప్పారు. "రెండో ప్రపంచయుద్ధంలో వాళ్ళు మమ్మల్ని జర్మన్ల నుంచి ఆదుకున్నమాట నిజం. మా అమ్మ చిన్నప్పుడు వాళ్ళ సైనికుడిచ్చిన చాక్లెట్ తింది, చచ్చేదాకా చెప్పుకుంది. మేం మర్చిపోలేదు. కానీ మేం చెప్పేలోపే వాళ్ళు గుర్తుచేస్తారు, అదీ అన్నం తినేటప్పుడు. మా ఇంటికి చుట్టంగా వచ్చి, గదులు ఇరుకుగా ఉన్నాయంటారు. మా వీధిలో వాళ్ళ తిండి, మా పిల్లల నోట వాళ్ళ పాటలు. పోనీ తిడదామా అంటే, స్నానం చేస్తూ నేనూ ఆ పాటలే పాడతాను." నా చేతిలో బోండం అందుకుని, "అన్నిటికన్నా పెద్ద కోపం వేరే ఉంది. మేం వాళ్ళ గురించి రోజూ మాట్లాడుకుంటాం. వాళ్ళకి మేం సెలవులకి తప్ప గుర్తుకు రాం," అన్నారు.

వింటూంటే నాకు ఫ్రాన్సు కనపడలేదు, మా నాన్న కనపడ్డారు. తుపానుకి మా పెంకుటిల్లు కప్పు ఎగిరిపోతే, కువైట్‌లో ఉన్న మా బాబాయి స్లాబు వేయించాడు. మంచివాడు మా బాబాయి, చెయ్యి పెద్దది. సెలవుకి వచ్చినప్పుడల్లా గుమ్మంలో చెప్పులు విప్పకముందే తలెత్తి పైకి చూసి, "స్లాబు ఎలా ఉంది అన్నయ్యా?" అంటాడు. భోజనం మధ్యలో ఇంకోసారి. వెళ్ళేటప్పుడు మరోసారి. స్కూలు మాస్టారైన మా నాన్నకి అంతమంది పిల్లల్ని అదిలించే గొంతు ఉంది, తమ్ముడి ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం "బానే ఉందిరా" అని గొణిగేవారు. బాబాయి వెళ్ళాక రెండ్రోజులు మొహం మాడ్చుకుని ఉండి, మూడోరోజు "వీడేంటి, చేరేనని ఫోనైనా చెయ్యలేదు!" అని ఇల్లంతా తిరిగేవారు. ఇదంతా మామ్మగారికి చెప్పాను. ఆవిడ బోండం పక్కన పెట్టి మరీ నవ్వారు. "స్లాబు! అవును, అదే. సరిగ్గా అదే," అని కళ్ళు తుడుచుకుని, "సరే, మీ నాన్నగారి కోసం రేపు పడవెక్కుతాను. ఆ అమెరికా ఆయన మాత్రం నోరెత్తకూడదు," అన్నారు.

హలో గారి గదికి వెళ్ళి, ఉన్నమాట చెప్పేశాను. "మా వైపు ఒక పద్ధతుందండీ. చేసిన మేలు చేసినవాళ్ళు ఎత్తకూడదు. పొందినవాళ్ళే చెప్పుకోవాలి." పాపం, ఆయన మొహం ఇంతైపోయింది. "నాకీ మాట ఎవరూ చెప్పలేదమ్మాయ్! నేను సరదాకి అన్నాను. ఇప్పుడే వెళ్ళి క్షమాపణ అడుగుతాను," అని లేచారు. మళ్ళీ ఆ గొంతుతోనా? వద్దు బాబూ అని కూర్చోబెట్టి, రేపు నోరు విప్పకుండా ఉంటే చాలని ఒట్టు వేయించుకున్నాను.

మర్నాడు పడవలో నిజంగానే నోరు విప్పలేదాయన. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒడ్డున గేదె కనపడితే చెయ్యి మాత్రం ఊపుతూ, గొంతు దాకా వచ్చిన హలోని మింగేస్తూ కూర్చున్నారు. సగం దూరం వెళ్ళేసరికి మామ్మగారికే కంగారు పుట్టింది. "ఆయనకి ఒంట్లో బాగాలేదా?" అని నన్నడిగారు. ఈలోగా ఓనరు గారు క్యారేజీలు విప్పారు. (ఆయన రారనుకున్నాను. నా పరీక్ష నేను రాస్తుంటే ఆయన ఊరుకుంటారా?) పులిహోర పెట్టి "హౌ ఈజ్ మేడమ్?" గారెలు పెట్టి "హౌ ఈజ్ సార్?" ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకుల డబ్బా తీసి మళ్ళీ "హౌ ఈజ్?" మామ్మగారు హలో గారివైపు వంగి, మెల్లిగా, "నిన్నట్నుంచి ఈ మనిషి ఎన్నిసార్లు అడిగాడో లెక్కపెట్టారా?" అన్నారు.

"నేనిప్పుడు మాట్లాడొచ్చా?" అన్నారు హలో గారు.

"మాట్లాడండి!"

"వద్దంటే వినరండీ! రాత్రి తలుపు కొట్టి మరీ అరటిపళ్ళిచ్చారు. పడుకున్నానన్నాను. లేచి తినమని సైగ చేశారు."

"నాకూ ఇచ్చాడు! బాగుందంటే ఇంకోటి పెడతాడు. బాగాలేదంటే ఏడుస్తాడేమోనని భయం."

ఇద్దరూ పడవ ఊగేలా నవ్వుకున్నారు. ఓనరు గారికి సంతోషం పట్టలేదు. "ఏమంటున్నారమ్మా?" అన్నారు. "మీ మర్యాద గురించేనండీ," అన్నాను. "ఆయ్, మనదంటే మరి!" అని చెరో పూతరేకు వడ్డించారు. నా ఎమ్మే కాదు, నా రాయబారమూ కాదు, వాళ్ళిద్దర్నీ ఒక బంతి చేసింది మా పెట్టుపోతలు. ఆ పడవలో అమెరికా హలో గారు కాదు, మేమేనన్నమాట. నాకు మాత్రం ఆ పూట అంత ఆలోచన లేదు, ఉద్యోగం నిలబడిందని ఆనందం తప్ప.

వెళ్ళేటప్పుడు మామ్మగారు నా చెయ్యి పట్టుకుని, "మీ నాన్నగారికి నమస్కారం చెప్పు. స్లాబు గురించి అడిగానని మాత్రం చెప్పకు," అన్నారు. అన్నట్టే ఆ శీతాకాలం వాళ్ళవాళ్ళందర్నీ తీసుకొచ్చారు. భోజనాల దగ్గర "హౌ ఈజ్?" అని ఒక్కసారి అడిగి ఊరుకోవాలని ముందే షరతు పెట్టారు. ఓనరు గారు సరేనని, సరిగ్గా ఒక పూట పాటించారు.

ఇప్పుడా గెస్ట్‌హౌసుకి నేనే మేనేజర్ని. పోయిన వేసవిలో నా జీతంతో నాన్న గదికి ఏసీ పెట్టించాను. ఆదివారం చర్చి నుంచి అటే వెళ్ళి నాన్నతో కలిసి భోంచెయ్యడం నాకలవాటు. ఒక ఆదివారం అన్నం వడ్డిస్తూ, గోడవైపు తలెత్తి, "ఏసీ ఎలా ఉంది నాన్నా?" అన్నాను. అంతకు ముందు వారం కూడా అడిగానట, ఆ ముందు వారం కూడా. నాన్న ముద్ద కిందపెట్టి, "స్లాబు కన్నా బాగుందమ్మా," అని చెయ్యి కడుక్కోడానికి లేచారు. పెరుగు ఇంకా వెయ్యనే లేదు.

అప్పట్నుంచి అడగడం మానేశాను. ఎంత కష్టమో చెప్పలేను, గోడవైపు చూపు దానంతటదే వెళుతుంది, నాలిక కరుచుకుని ఎండల గురించి మాట్లాడతాను. మొన్న ఆదివారం మజ్జిగ మిరపకాయ కొరుక్కుంటూ ఆయనే అన్నారు. "రాత్రి హాయిగా నిద్రపట్టిందమ్మా, నీ ఏసీ పుణ్యమా అని." నాకు కళ్ళు చెమర్చాయి. ఇంకొంచెం పెరుగు వెయ్యబోయాను. వద్దన్నారు. అయినా వేశాను.